చెంబు మీద పేరు

మా ఆవిడ మీనాకుమారి ప్రొబేషన్ ఆఫీసరు. ఈ మాట వినగానే నిడదవోలులో నూటికి తొంభై మంది, అయ్యో, ఇంకా పర్మనెంట్ చెయ్యలేదాండీ అని జాలిపడతారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు అయిందని చెబితే మరీ జాలిపడతారు. అందుకని నేను వివరాల్లోకి వెళ్లకుండా గవర్నమెంటు ఉద్యోగం అని చెప్పి ఊరుకుంటాను.

అసలు సంగతి ఇది. ఎవడో ఒకడు జన్మలో మొదటిసారి కోపం ఆపుకోలేక ఎవరినో కొడతాడు. కోర్టువారు నేరం రుజువైందని తేల్చి, మొదటి తప్పు కదా అని జైలుకు పంపకుండా, ఏడాదిపాటు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదిలిపెడతారు. ఆ ఏడాదీ వాడు చెప్పిన ఇంట్లోనే ఉంటున్నాడా, షరతులు పాటిస్తున్నాడా, నిజంగా మారాడా అని చూసి కోర్టుకు రాసేది మా ఆవిడ. బాగున్నాడని రాస్తే బాండు తీరిపోతుంది. లేదని రాస్తే పాత కేసు మళ్లీ లేచి వాణ్ణి జైలుకు పంపుతుంది. ఇంట్లో నన్ను కూడా ఆవిడ అవే కళ్లతో చూస్తుంది. నా బాండుకు గడువు లేదు, అంతే తేడా.

నా పేరు గోపాలకృష్ణమూర్తి. స్టేషను రోడ్డులో మా నాన్నగారి నాటి స్టీలు సామాన్ల కొట్టు నాది. బిందెలు, గుండిగలు, క్యారేజీలు ఎవరైనా అమ్ముతారు. వాటి మీద పేర్లు కొట్టడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నేను అంటాను. మా ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. మన వైపు పేరు లేని గిన్నె ఇంట్లో ఉన్నా అది ఇంటి గిన్నె కాదు. పెళ్లికి పెట్టినా, గృహప్రవేశానికి ఇచ్చినా ఇచ్చినవారి పేరో పుచ్చుకున్నవారి పేరో తారీఖుతో సహా పడాల్సిందే. పులుసు పోసి పక్కింటికి పంపిన గిన్నె ఆర్నెల్లకైనా తిరిగి కొంప చేరుతోందంటే అది ఆ పేరు చలవే. నేను పేరు కొట్టాక పక్కన నాలుగు రేకుల పువ్వు ఒకటి కొడతాను. అది మా కొట్టు గుర్తు. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

రెండేళ్ల కిందటి వరకూ మీనా రోజూ పొద్దున్నే రైలెక్కి రాజమండ్రి ఆఫీసుకు వెళ్లేది. అక్కణ్ణించి బస్సుల్లోనూ ఆటోల్లోనూ పడి, ఇటు పోలవరం దగ్గర్నుంచి అటు మండపేట దాకా ఊళ్లు తిరిగేది. చెప్పాపెట్టకుండా వెళ్లి గుమ్మంలో నిలబడటం ఆవిడ పద్ధతి. వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మన గోదావరి జిల్లాల్లో ఒకరింటికి వెళ్లి మంచినీళ్లు కూడా తాగకుండా బయటపడటమంటే మాటలా? కాఫీ వద్దంటే మజ్జిగ, మజ్జిగ వద్దంటే కొబ్బరి బొండం, అదీ వద్దంటే అలక. వాళ్ల నీళ్లు తాగి వాళ్ల మీద రిపోర్టు ఎలా రాస్తానండీ అనేది నాతో. ఇరవై నాలుగేళ్లు ఎండిన నాలుకతోనే ఉద్యోగం చేసింది.

అలాంటిది, ఆఫీసున్న అద్దె భవనాన్ని దాని ఓనరుగారు ఫంక్షన్ హాలు చేసుకుంటానని ఖాళీ చేయించారు. కొత్త భవనం వెతకడం కంటే ఆఫీసే లేకుండా గడిపెయ్యడం సులువని పైవాళ్లు కనిపెట్టారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ట్యాబు పెట్టారు. అందులో ఒక యాప్ పెట్టారు. ఇక మీదట గృహసందర్శన ఇంటి నుంచే అన్నారు. అంటే, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఎదుటివాడి ఇల్లు చూసి రావాలన్నమాట. ఇలాంటి ఆలోచన నిడదవోలు వాళ్లకు వచ్చి ఉంటే ఊళ్లో పిచ్చి ముదిరిందని అనేవారు.

అప్పటి నుంచి మా కొట్టు వెనకాల సరుకు గది ప్రభుత్వ కార్యాలయం అయింది. గుండిగల వరసకూ ఇడ్లీ పాత్రల వరసకూ మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ. రాజమండ్రి ఆఫీసు ఆస్తిలో మా ఆవిడ వాటాకు వచ్చినది బల్ల మీద నొక్కే గంట ఒక్కటే. అక్కడ ఆ గంట నొక్కితే అటెండరు వచ్చేవాడు. ఇక్కడ నేను వస్తున్నాను. ఒకసారి నొక్కితే మంచినీళ్లు, రెండుసార్లు నొక్కితే టీ. కొట్టులో పదిమంది ముందు యజమానిలా కూర్చున్నవాణ్ణి, లోపల్నించి గంట మోగగానే లేచి వెళ్లి టీ గ్లాసుతో వంగి నిలబడతాను. కాల్‌లో ఉన్నప్పుడు తెరకు ఎదురుగా రాకూడదు, నోరెత్తకూడదు. ఇవి నా షరతులు.

తొలి ఏడాదే మా ఆవిడకు ప్రశంసాపత్రం వచ్చింది. అత్యధిక వర్చువల్ గృహసందర్శనలు జరిపినందుకట. కాలు గడప దాటకుండా తిరిగినందుకు వచ్చిన ఆ పత్రాన్ని నేను ఫ్రేము కట్టించి కొట్టులో లక్ష్మీదేవి పటం పక్కన తగిలించాను. వచ్చినవాళ్లంతా అది మా స్టీలుకు ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్టు అనుకుని బేరం తగ్గించారు. నేనెందుకు కాదంటాను?

ఇక పోతురాజు సంగతి.

మండపేటలో ఒక రైస్ మిల్లు దగ్గర ముఠా కూలీ. ముఠా అంటే బస్తాలు ఎత్తి దించే జట్టు. ముప్ఫై రెండేళ్లుంటాయి. నా అన్నవాళ్లు లేరు. మిల్లు వెనకాల ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. ఒకరోజు మబ్బు పట్టి, బయట లారీ సగం లోడై ఉండగా, వంతు ఎవరిదన్న మాట మీద అదే ముఠాలో గంగాధర్ అనే ఆయనతో గొడవపడ్డాడు. చేతిలో బస్తాలు లాగే ఇనప కొక్కెం ఉంది. మాటకు మాట పెరిగి ఆ కొక్కెం గంగాధర్ కుడి భుజంలో దిగింది. గాయం మానింది కానీ ఆ చెయ్యి గుండె ఎత్తు దాటి పైకి లేవడం మానేసింది. ముఠా మనిషికి చెయ్యి లేవకపోతే ఇంకేముంది?

పోతురాజు కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. ఏడాది బాండు మీద వదిలారు. ముఖ్యమైన షరతులు రెండు. ఒకటి, మిల్లు వెనక తన గదిలోనే కాపురం ఉండాలి. రెండు, గంగాధర్ ఇంటి ఛాయలకు పోకూడదు, ఆయనతో మాటామంతీ పెట్టుకోకూడదు.

మా ఆవిడ నెలకొకసారి, సాయంత్రం ఆరూ ఏడూ మధ్య ఎప్పుడో తెలియకుండా వీడియో కాల్ చేసేది. పోతురాజు వెంటనే ఎత్తేవాడు. వెనకాల ఒద్దికైన ఇల్లు కనిపించేది. తుడిచిన గచ్చు, గూట్లో వరసగా బోర్లించిన గిన్నెలు. ఒంటరివాడి గది ఇంత పొందికగా ఉండటమేమిటని మీనా మొదటిసారే అడిగితే, వరసకు అక్కా బావా అయ్యేవాళ్లు వచ్చి నా దగ్గరే ఉంటున్నారండీ అన్నాడు. అక్క వచ్చి తెర ముందు నమస్కారం పెట్టింది. ఎవరైనా పెద్దమనిషి పూచీ చెప్పాలని యాప్‌లో ఒక గడి ఉంది. బావగారు మంచం మీంచే చెప్పారు. పేరు అడిగితే, అందరూ పెదబాబు అంటారండీ అన్నారు. కుర్రాడు ఎలాంటివాడని అడిగితే, కొంచెం దుడుకు మనిషండీ, మనసు వెన్నండీ అన్నారు. ప్రతి నెలా అదే ఇల్లు, అదే అక్క, అదే వెన్న. మా ఆవిడ ప్రతి నెలా గృహ వాతావరణం సంతృప్తికరం అని నొక్కేది. యాప్‌లో ఆ మాట రాయక్కర్లేదు, సిద్ధంగా ఉంటుంది, వేలు పెడితే చాలు. అలా పదకొండుసార్లు వేలు పెట్టింది.

పన్నెండో కాల్ ఒక శనివారం సాయంత్రం. పోతురాజు ఏడాది పూర్తవడానికి పద్దెనిమిది రోజులుంది. అదే ఆఖరి సందర్శన, దాని మీదే కోర్టుకు చివరి రిపోర్టు. గంట రెండుసార్లు మోగింది. నేను టీ పట్టుకెళ్లాను. నా అడుగుల చప్పుడు వినగానే మీనా అలవాటుగా ట్యాబులో మైకు ఆపేసింది. నా నోటి మీద ఆవిడకు అంత నమ్మకం.

తెర మీద పోతురాజు చెంబెత్తి నీళ్లు తాగుతున్నాడు. చెంబు అడుగున పువ్వు. నాలుగు రేకుల పువ్వు! పరాయి ఊళ్లో తప్పిపోయిన మన ఊరివాడు కనిపిస్తే ఎలా ఉంటుంది? నాకలా అనిపించింది. టీ బల్ల మీద పెట్టి కళ్లజోడు సర్దుకుని వంగాను. పువ్వు పక్కన అక్షరాలు కూడా చక్కగా అమరాయి.

"మీనా, ఆ చెంబు మన కొట్టుదే! దీనమ్మ, గంగాధర్ అని నేనే కొట్టాను. ఈ ఊళ్లో వాళ్ల పెళ్లికి, ఇరవై ఏళ్ల కిందట. చూశావా అక్షరాలు ఇంకా ఎలా మెరుస్తున్నాయో!"

మా ఆవిడ అక్షరాలు చూడలేదు. నన్ను చూసింది. తర్వాత పక్కనున్న ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టింది. ఫిర్యాదుదారు పేరు గంగాధర్. భార్య దీనమ్మ. అప్పటికి గానీ నేను చేసిన నిర్వాకం నాకు తలకెక్కలేదు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. ఈసారి తెచ్చింది నా వీపుకు కాదు, ఎక్కడో మండపేటలో ప్రశాంతంగా నీళ్లు తాగుతున్నవాడి వీపుకు.

మీనా మైకు పెట్టి, మామూలు గొంతుతో, సరే పోతురాజు, జాగ్రత్తగా ఉండు అని చెప్పి కాల్ ముగించింది. అంతకుముందు పదకొండు సందర్శనల ఫొటోలూ ఒక్కొక్కటే తీసి చూసింది. ప్రతి ఫొటోలోనూ వెనకాల అదే గూడు, అవే గిన్నెలు. తన కత్తిపోటు... కాదులెండి, కొక్కెం పోటు తిన్న మనిషి ఇంట్లో కూర్చుని, ఆ మనిషి చేతే తన మంచితనానికి పూచీ చెప్పించుకున్నాడు. దానికి మా ఆవిడ ప్రభుత్వం తరఫున సంతృప్తి ప్రకటించింది. టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు ఆదివారం. కొట్టు సెలవు. మీనా పొద్దున్నే తయారై, మండపేట వెళ్దాం, వ్యాను తియ్యండి అంది. ఇరవై ఆరేళ్లలో నన్ను డ్యూటీకి వెంట రమ్మనడం అదే మొదలు. ఎందుకని అడిగితే, ఆ గిన్నెలు మీరు పేర్లు కొట్టినవేనని చెప్పడానికి మనిషి కావాలి కదా అంది. నేను నిపుణుణ్ణి అయిపోయాను. నిపుణుడు వ్యాను నడుపుతుంటే వెనకాల డెలివరీకి పెట్టిన బేసిన్లు దారి పొడుగునా గణగణలాడాయి. కొవ్వూరు, రాజమండ్రి, ద్వారపూడి దాటి మండపేట చేరేదాకా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అప్పటికే మాట్లాడాల్సినదానికంటే ఎక్కువ మాట్లాడి ఉన్నాను.

గంగాధర్ ఇల్లు మిల్లుల వెనక వీధిలో. దడి తలుపు తోసుకుని మీనా ముందు వెళ్లింది, వెనకాల నేను.

వాకిట్లో కుర్చీ. కుర్చీలో గంగాధర్. మెడకు తువ్వాలు, బుగ్గల నిండా సబ్బు నురగ, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. పోతురాజు ఒక చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, రెండో చేత్తో రేజరు పెట్టి గొంతు కింద గీస్తున్నాడు. కోర్టువారు ఛాయలకు పోవద్దన్న మనిషి అంగుళం దూరంలో ఉన్నాడు, బ్లేడుతో సహా. మమ్మల్ని చూడగానే పోతురాజు చెయ్యి ఆగిపోయింది.

గంగాధర్ కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఏంట్రా ఆగావు? ఈ పక్క ఇంకా ఉంది."

మీనా ఆ ఇద్దర్నీ అలాగే చూస్తూ నిలబడింది. ఆవిడ కోపంగా ఉంటే నాకు తెలుస్తుంది, ముప్ఫై ఏళ్ల అనుభవం. అది కోపం కాదు.

"కానివ్వు," అంది పోతురాజుతో. "సగం గడ్డంతో ఆయన చేత వాంగ్మూలం ఎలా ఇప్పిస్తాను?"

ఆ మాటకు గంగాధర్ కళ్లు తెరిచాడు. పోతురాజు గబగబా రేజరు లాగుతుంటే ఆయనే, నిదానంగా గియ్యరా, తెగుతుంది అన్నాడు. మిగతా సగం గడ్డం మేం నిలబడి ఉండగానే అయింది. అంత నిశ్శబ్దంగా జరిగిన క్షవరం నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత దీనమ్మ చెప్పింది. కోర్టు నుంచి వదిలిన మూడో రోజు పోతురాజు వచ్చి దడి అవతల నిలబడ్డాడట. లోపలికి రాడు, పొమ్మంటే పోడు. ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది. తిట్టి తిట్టి గొంతు పోయింది. వాడు తల దించుకుని అలాగే ఉన్నాడు. ఇంట్లో నీళ్లు లేవు. పంపు దగ్గర బిందెలు నిండి ఉన్నాయి, మోసే మనిషి మంచంలో ఉన్నాడు. ఆఖరికి ఆవిడకే విసుగొచ్చి, తిట్టింది చాలుగానీ ఆ బిందె ఎత్తరా అందట. ఆ ఎత్తడం ఎత్తడం ఏడాది ఎత్తాడు. మిల్లులో కూడా తన వంతు బస్తాలు మోశాక గంగాధర్ వంతు కూడా తనే మోసేవాడు. ముఠాలో మనిషి పడిపోతే వాడి వంతు ఖాళీగా పోనివ్వకూడదన్నది వాళ్ల కట్టుబాటు. రెండో వంతు కూలి ఆ ఇంటికే చేరేది. సాయంత్రం వచ్చి నీళ్లు పోసి, భుజానికి నూనె రాసి, అక్కడే అన్నం తిని తన గదికి పోయి పడుకునేవాడు. మీనా మొదటి కాల్ సరిగ్గా నూనె రాస్తుండగా వచ్చింది. ఎక్కడున్నావని అడిగితే, నిజం చెబితే జైలని భయపడి మా ఇల్లే అన్నాడు. ఒకసారి ఇల్లు అన్నాక మాట తప్పకూడదు కదా. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఏడు దాకా ఆ ఇంటి నుంచి కదలడానికి వీల్లేకపోయింది. చూశారా, వాణ్ణి ఆ ఇంటికి రోజూ పంపించింది మా ఆవిడ యాపే.

"అక్క అని అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?" అని మీనా అడిగింది.

"వాడు చెప్పినప్పుడు అబద్ధమేనండి," అంది దీనమ్మ. "ఇప్పుడేం చెప్పమంటారు?"

మాట పూర్తయ్యాక ఆవిడ లోపలికి వెళ్లి అదే చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను అలవాటుగా, మేడంగారు తాగరమ్మా అని అడ్డుపడబోయాను. మీనా చెయ్యి చాపి చెంబు అందుకుంది. నేను నోరు తెరిచి చూస్తుంటే, నేరం చేసినవాడి ఇంట్లో తాగకూడదని రూలండీ, ఇది ఫిర్యాదుదారు ఇల్లు కదా, అని చెప్పి గటగటా తాగింది. రూలు ప్రకారం ఇరవై ఆరేళ్ల దాహం తీర్చుకుంది.

తిరుగు ప్రయాణంలో గోదావరి బ్రిడ్జి మీద నేను నోరు విప్పాను. చూడు మీనా, దీనంతటికీ నా నోరే కారణం, నేను చెంబు చూడలేదనుకో, నువ్వు వినలేదనుకో, పన్నెండోసారి కూడా వేలు పెట్టేసి ఊరుకో అన్నాను. నిజం రాస్తే వాడు షరతు తప్పాడని జైలుకు పోవచ్చు. పదకొండుసార్లు ఎవరి ఇల్లు చూశావని నీ మీదకూ వస్తుంది. నాలుగేళ్లలో రిటైరయ్యే మనిషివి, ఎందుకు చెప్పు అన్నాను. నిజంగానే భయం వేసింది నాకు, ఆ పిల్లాడి గురించీ మా ఆవిడ గురించీ కూడా.

బ్రిడ్జి అయిపోయాక మీనా అంది.

"చూడకుండా పదకొండుసార్లు సంతృప్తికరం అని రాశానండి. ఇప్పుడు కళ్లారా చూశాను. చూసింది మాత్రం రాయొద్దంటారా?"

గేరు మార్చాను.

యాప్‌లో షరతు తప్పాడా అన్న గడికి అవును, కాదు అని రెండే మాటలున్నాయి. అవును అని నొక్కితే తెర ఎర్రబడింది. ఎందుకు తప్పాడో రాద్దామంటే రెండు వందల అక్షరాలకు మించి పట్టదట. మా ఆవిడ ట్యాబు పక్కన పడేసి, నా కొట్టు నుంచి తెల్లకాగితాలు తీసుకుని చేత్తో ఆరు పేజీలు రాసింది. బిందెలు, బస్తాలు, నూనె, గడ్డం, ఏదీ వదల్లేదు. తను పదకొండుసార్లు మోసపోయిన సంగతి మొదటి పేజీలోనే రాసింది. ఆ కాగితాలు స్వయంగా పట్టుకెళ్లి కోర్టులో ఇచ్చింది.

విచారణ రోజు నేను కొట్టు మూసి వెళ్లాను. పోతురాజు ఒక సంచీతో వచ్చాడు. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పళ్లపొడి. జైలుకు తయారై వచ్చాడు. దీనమ్మ ఆ సంచీని లాక్కుని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పువ్వు చూసి మురిసిపోయిన నా కళ్లను నేనే తిట్టుకున్నాను.

మేజిస్ట్రేటుగారు ఆరు పేజీలూ చదివారు. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి మళ్లీ చదివారు. గడ్డం దగ్గరే అయ్యుంటుంది. తర్వాత పోతురాజును నిలబెట్టి, కోర్టు వద్దన్న చోటికి ఏడాది పాటు రోజూ ఎందుకెళ్లావని అడిగారు. వాడు నోరు విప్పలేదు. వాణ్ణి చూస్తే నాకే ఒక దెబ్బ వెయ్యాలనిపించింది. రెండు బస్తాలు మోసే మనిషికి నాలుగు మాటలు మొయ్యడం రాదా?

గంగాధర్ లేచాడు. ఎడం చేత్తోనే నమస్కారం పెట్టాడు. "అయ్యా, తమరు రావద్దన్నది వాణ్ణి. రమ్మన్నది నేనండి. నా ఇంటికి మనిషిని పిలుచుకోవద్దని తమరు నాకు చెప్పలేదండి."

హాల్లో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత దుమ్ము దాని మీద ఉందని నేననుకోను. కోర్టుకు అబద్ధం చెప్పినందుకు పోతురాజును గట్టిగా మందలించారు. ఏ ఉద్దేశంతో ఆ షరతు పెట్టారో ఆ ఉద్దేశం చెడలేదని రాసి, బాండు తీరిపోయిందన్నారు. సంచీ ఇంకా దీనమ్మ ఒళ్లోనే ఉంది. ఆవిడ దాని మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మా ఆవిడకు మెమో వచ్చింది. పదకొండు నెలలు బాధితుడి ఇంటిని నేరస్థుడి ఇల్లుగా ఎలా ధ్రువీకరించారో వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ప్రశంసాపత్రం ఇచ్చింది ఎవరో మెమో మీద సంతకం పెట్టింది కూడా వారే. సంతకం మాత్రం భలే కుదురుగా ఉంది. మీరు ఇచ్చిన ట్యాబులోంచి చూశాను కనుక అని మీనా ఒక్క వాక్యంలో జవాబు రాసింది. నేను మెమోకు కూడా ఫ్రేము కట్టించాను. ఆవిడ తగిలించనివ్వలేదు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం గంగాధర్, దీనమ్మ మా కొట్టుకు వచ్చారు. దీనమ్మ సంచీలోంచి ఒక కొత్త స్టీలు కంచం తీసింది. మా కొట్టుది కాదు, మండపేటలోనే కొన్నారు. పాత ఖాతాదారులు ఇలా చెయ్యొచ్చా? కొన్న కొట్టులోనే పేరు కొట్టించుకోవచ్చు కదమ్మా అని కాస్త కారంగానే అన్నాను.

"ఇక్కడే కొట్టించాలని వచ్చామండి," అంది ఆవిడ. "ఏడాది నుంచీ మా ఇంట్లో వాడు పేరు లేని కంచంలోనే తింటున్నాడండి. కేసు తేలకుండా పేరెలా కొట్టిస్తాం? మళ్లీ తీసుకుపోతారేమోనని భయం కదండీ."

మిషను తీసి కంచం అంచు మీద పోతురాజు అని కొట్టాను. పక్కన పువ్వు కొట్టాను. మిషను చప్పుడుకు లోపల్నించి మీనా వచ్చింది. గంట నొక్కలేదు, తనే వచ్చింది. ఎవరు వచ్చారో చూసి, తారీఖు కూడా కొట్టండి అంది. ఏ తారీఖు అంటే, బాండు తీరిన రోజు చెప్పింది.

అదీ కొట్టి ఇచ్చాను. మీనా కంచం వెలుతురులోకి పట్టుకెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, అక్షరాల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసింది. ముప్ఫై ఏళ్లుగా నా చేతిపని మీద ఒక్క మంచి మాట అనని మనిషి. నేను తప్పు దొరుకుతుందేమోనని నిలబడి ఉన్నాను.

"సంతృప్తికరం," అని కంచం దీనమ్మ చేతికిచ్చి, ముగ్గురికీ టీ పెట్టడానికి తనే లోపలికి వెళ్లింది.